యూనిట్ – 14: పాత వాహనాల టైర్లలో పగుళ్లు – కారణాలు, పరిశీలన, నిర్ణయం

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 విషయ పరిచయం
14.2 టైరు నిర్మాణం
14.3 రబ్బరు ఎందుకు పగులుతుంది?
14.4 ఇంట్లో చేయదగిన ప్రయోగం
14.5 టైరు వయసు తెలుసుకోవడం
14.6 పగుళ్లను పరిశీలించే పద్ధతి
14.7 నిర్ణయం తీసుకోవడం
14.8 పనికిరాని మరమ్మతులు
14.9 నివారణ చర్యలు
14.10 తీసేసిన టైర్లు
14.11 సారాంశం
14.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా జవాబులు
14.13 నమూనా పరీక్షా ప్రశ్నలు
14.14 పదకోశం

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• టైరు రబ్బరులో పగుళ్లు ఏర్పడటానికి గల రసాయనిక కారణాలను వివరించగలుగుతారు.
• అరుగుదల, వృద్ధాప్యం అనే రెండింటి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• టైరుపై ఉన్న అంకెలను చదివి దాని వయసును లెక్కగట్టగలుగుతారు.
• పగుళ్లను పరిశీలించి, ఆ టైరును వాడవచ్చో తీసేయాలో నిర్ణయించగలుగుతారు.

14.1 విషయ పరిచయం

గత యూనిట్‌లో పాలిమర్ల నిర్మాణం గురించి, వల్కనీకరణం గురించి తెలుసుకొన్నారు. ఆ జ్ఞానాన్ని మన ఇంటి ముందు నిలిపి ఉన్న వాహనానికి అన్వయించడం ఈ యూనిట్ ఉద్దేశం.

పదేళ్లు దాటిన కారునో స్కూటర్‌నో దగ్గరగా చూడండి. టైరు పక్క గోడపై సన్నని గీతలు కనిపిస్తాయి. ఎండిన చెరువు అడుగున నేల నెర్రెలిచ్చినట్లు ఉంటాయి. "బండి పెద్దగా తిరగలేదు, గ్రిప్పు ఇంకా బాగానే ఉంది, ఇప్పుడే టైర్లెందుకు మార్చాలి?" అని చాలామంది అనుకొంటారు. నాలుగు టైర్ల ఖర్చు ఒక్కసారిగా భరించడం మధ్యతరగతి కుటుంబానికి తేలిక కాదు కాబట్టి ఈ ప్రశ్న సహజమైనదే. అయితే దీనికి జవాబు గ్రిప్పును చూసి చెప్పేది కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో హైండ్‌హెడ్ దగ్గర ఒక ప్రయాణికుల బస్సు ముందు టైరు పగిలి, బస్సు అదుపు తప్పి చెట్టును ఢీకొంది. ముగ్గురు మరణించారు. ఆ టైరు తయారై 19 ఏళ్లు దాటిందని దర్యాప్తులో తేలింది. అప్పటి చట్టంలో టైరు వయసుకు పరిమితి లేదు. అందువల్ల అంత పాత టైరు వాడటం చట్టవిరుద్ధం కాలేదు. మృతుల్లో ఒకరి కుటుంబం ఏళ్ల తరబడి పోరాడింది. ఫలితంగా 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదనే నిబంధన వచ్చింది.

ఈ ఉదాహరణ నుంచి మనం గ్రహించవలసింది ఇది: టైరు రెండు విధాలుగా ఆయుష్షు కోల్పోతుంది. ఒకటి రోడ్డు రాపిడివల్ల అరగడం, రెండోది కాలం గడిచేకొద్దీ రబ్బరు రసాయనికంగా మారిపోవడం. మొదటిది తిరిగిన దూరంపైన, రెండోది గడిచిన కాలంపైన, వాతావరణంపైన ఆధారపడి ఉంటాయి. తక్కువ తిరిగే పాత వాహనాల్లో మొదటిదాని కంటే రెండోదే ముందుగా వస్తుంది.

14.2 టైరు నిర్మాణం

టైరును ఒకే రబ్బరు ముద్దగా భావించకూడదు. దానిలో వేర్వేరు పనులకు వేర్వేరు పొరలు ఉంటాయి.

(అ) ట్రెడ్: రోడ్డును తాకే మందమైన భాగం. గాడులు ఉండేది ఇక్కడే. దీన్నే వాడుకలో గ్రిప్పు అంటాం.
(ఆ) పక్క గోడ: ట్రెడ్‌కూ రిమ్ముకూ మధ్య ఉండే పలుచని భాగం. చక్రం తిరిగే ప్రతిసారీ వంగి, తిరిగి యథాస్థితికి వస్తుంది.
(ఇ) దారాల పొరలు: పాలియెస్టర్, నైలాన్ వంటి దారాలతో అల్లిన పొరలు. లోపలి గాలి ఒత్తిడిని నిజానికి మోసేవి ఇవే.
(ఈ) ఉక్కు పట్టీలు: రేడియల్ కారు టైర్లలో ట్రెడ్ కింద ఉండే సన్నని ఉక్కు తీగల పొరలు.
(ఉ) లోపలి పొర: ట్యూబు లేని టైర్లలో గాలి బయటికి పోకుండా ఆపే పొర. దీన్ని బ్యూటైల్ జాతి రబ్బరుతో చేస్తారు.
(ఊ) అంచు తీగ: టైరును రిమ్ముకు గట్టిగా పట్టి ఉంచే ఉక్కు తీగల కట్ట.

బరువు మోసేవి దారాలు, తీగలు. వాటిని ఒకదానితో ఒకటి అతికించి, నీరు, గాలి తగలకుండా కాపాడేది రబ్బరు. అందువల్ల పైన కనిపించే పగులు కేవలం అందానికి సంబంధించిన లోపమా, లేక దారాలదాకా వెళ్లిందా అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

14.3 రబ్బరు ఎందుకు పగులుతుంది?

"ఎండకు టైరు ఎండిపోయింది" అని వాడుకలో అంటాం. ఇది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. రబ్బరులో తడి లేదు, ఎండిపోవడానికి. జరిగేది రసాయనిక మార్పు. దాన్ని మూడు అంశాలుగా పరిశీలిద్దాం.

14.3.1 ఓజోన్ చర్య

సహజ రబ్బరు ఐసోప్రీన్ అణువులు వేల సంఖ్యలో గొలుసుగా చేరగా ఏర్పడిన పాలిమర్. ఈ గొలుసులో ప్రతి ఐసోప్రీన్ ప్రమాణానికి ఒక కార్బన్–కార్బన్ ద్విబంధం మిగిలి ఉంటుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న వల్కనీకరణ పద్ధతిలో గంధకం ఈ గొలుసుల మధ్య అడ్డుబంధాలను ఏర్పరుస్తుంది. దానివల్ల రబ్బరుకు బలం, సాగి తిరిగి వచ్చే గుణం కలుగుతాయి. అయితే వల్కనీకరణం తరవాత కూడా ద్విబంధాల్లో చాలా భాగం అలాగే మిగిలిపోతాయి.

ఓజోన్ ఈ ద్విబంధాలపై నేరుగా దాడి చేస్తుంది. మొదట ఓజోనైడ్ అనే అస్థిర పదార్థం ఏర్పడుతుంది. అది విచ్ఛిన్నం కాగానే పాలిమర్ గొలుసు తెగిపోతుంది. ఒక తాడులోని పోగులు ఒక్కొక్కటిగా తెగుతున్నట్లు ఊహించుకోండి.

మనం పీల్చే గాలిలో ఓజోన్ చాలా స్వల్పంగా ఉంటుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇతర ఆవిరులు ఎండలో చర్య జరపడంవల్ల నేలకు దగ్గరగా ఇది ఏర్పడుతుంది. మోటార్లు, వెల్డింగు యంత్రాల దగ్గర విద్యుత్ మెరుపుల (స్పార్కుల) వల్ల కూడా పుడుతుంది. ఈ స్వల్ప పరిమాణమే రబ్బరుకు హాని చేయడానికి చాలు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. రబ్బరు సాగి ఉన్నచోటనే ఓజోన్ పగుళ్లు ఏర్పడతాయి. సాగని రబ్బరులోనూ పైపొరలో చర్య జరుగుతుంది గాని, తెగిన చివరలను విడదీసి లాగే బలం ఉండదు. సాగి ఉన్నచోట తెగిన చివరలు దూరంగా జరుగుతాయి. దానితో కింద ఉన్న కొత్త రబ్బరు బయటపడుతుంది. ఓజోన్ దానిపైనా దాడి చేస్తుంది. పగులు ఇలా లోతుకు దిగుతుంది. అందుకే పగుళ్లు ఎప్పుడూ సాగే దిశకు అడ్డంగా ఉంటాయి. టైరు పక్క గోడ ఉబ్బి ఉండే చోట, ట్రెడ్ గాడుల అడుగున అవి ముందుగా కనిపించడానికి కారణం ఇదే.

అదే కారు తలుపుకు ఉండే రబ్బరు పట్టీని చూడండి. టైరు అంత త్వరగా అది పగలదు. అది సాధారణంగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో చేసినది. దాని ప్రధాన గొలుసులో ద్విబంధాలు లేవు కాబట్టి ఓజోన్‌కు పట్టు దొరకదు.

14.3.2 ఆక్సీకరణం, వేడి

రెండో శత్రువు ఆక్సిజన్. ఇది ఓజోన్ అంత చురుకైనది కాదు. కాని ఓజోన్ పైపొరకు పరిమితమైతే, ఆక్సిజన్ రబ్బరు లోపలికి చొచ్చుకొనిపోతుంది. స్వేచ్ఛా ప్రాతిపదికల ద్వారా జరిగే ఈ శృంఖల చర్యలో కొన్ని గొలుసులు తెగుతాయి, కొన్నిచోట్ల అదనపు అడ్డుబంధాలు ఏర్పడతాయి. అడ్డుబంధాలు పెరిగిన రబ్బరు గట్టిపడి, సాగే గుణం కోల్పోయి పెళుసుగా మారుతుంది. పాత టైరు తడిరోడ్డుపై జారడానికి ఈ గట్టిదనం ఒక కారణం.

ఆక్సిజన్ బయటినుంచే కాదు, లోపలినుంచీ వస్తుంది. టైరులో నింపిన గాలిలో అయిదో వంతు ఆక్సిజనే. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆ గాలి లోపలి పొర గుండా కొద్దికొద్దిగా చొచ్చుకొనివచ్చి ఉక్కు పట్టీల మధ్య ఉన్న రబ్బరును బలహీనపరుస్తుంది. చివరికి పట్టీలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోవచ్చు. ఈ లోపం బయటికి కనిపించదు. పగుళ్లు లేని పాత టైరు కూడా క్షేమమని చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

రసాయనిక చర్యల వేగం ఉష్ణోగ్రతతోపాటు పెరుగుతుందని మీకు తెలుసు. ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు వేగం సుమారు రెట్టింపవుతుందనేది ఒక స్థూల సూత్రం. దాని ప్రకారం 30 డిగ్రీల దగ్గర ఏడాదిలో జరిగే మార్పుకు 40 డిగ్రీల దగ్గర ఆరు నెలలు చాలు. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవిలో గాలి వేడే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో రోడ్డు అంతకంటే వేడిగా ఉంటుంది. చల్లని దేశాల్లోని టైరు ఆయుష్షును మన ప్రాంతానికి యథాతథంగా అన్వయించలేం.

గాలి తక్కువగా ఉన్న టైరు ఎక్కువగా వంగుతుంది. వంగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. మోయవలసిన బరువు కంటే ఎక్కువ వేసినా ఇదే జరుగుతుంది. అంటే తక్కువ గాలి, ఎక్కువ బరువు అనేవి టైరు వృద్ధాప్యాన్ని లోపలినుంచి త్వరపరుస్తాయి.

14.3.3 రక్షక పదార్థాలు

టైరు తయారీలో రబ్బరుతోపాటు కొన్ని రక్షక పదార్థాలు కలుపుతారు.

కార్బన్ బ్లాక్: టైరుకు నలుపు రంగు దీనివల్లే. ఇది బలాన్నిస్తుంది, అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని రబ్బరును కాపాడుతుంది. పగుళ్లకు నేరుగా సూర్యకాంతి కంటే ఓజోన్, వేడి ఎక్కువ బాధ్యులని చెప్పడానికి ఇదొక కారణం.

మైనం: రబ్బరులో కలిపిన మైనం నెమ్మదిగా ఉపరితలానికి చేరి పలుచని పొరగా పరుచుకొంటుంది. బండి నిలిపి ఉన్నప్పుడు ఇది ఓజోన్‌ను అడ్డుకొంటుంది. టైరు వంగుతున్నప్పుడు ఈ పొర చిట్లుతుంది.

ఓజోన్ నిరోధకాలు: వీటిలో ఎక్కువగా వాడేది 6పీపీడీ. ఇది రబ్బరు కంటే ముందుగా తానే ఓజోన్‌తో చర్య జరుపుతుంది. ఒక విధంగా తాను ఖర్చవుతూ రబ్బరును కాపాడుతుంది. కొన్ని టైర్ల పక్క గోడపై కనిపించే గోధుమరంగు పూతను చాలామంది మురికి అనుకొంటారు. అది ఈ రక్షక పదార్థం పైకి వచ్చి మార్పు చెందడంవల్ల ఏర్పడినది కావచ్చు.

ఈ పదార్థాలు తరిగిపోయేవే గాని తిరిగి పుట్టేవి కావు. టైరు ముసలిదవడమంటే ఒక కోణంలో ఈ నిల్వ అయిపోవడమే. మరో వైపు, 6పీపీడీ ఓజోన్‌తో కలిసి ఏర్పరచే ఒక క్వినోన్ పదార్థం వాననీటితో వాగుల్లో చేరి కోహో జాతి సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అప్పటినుంచి దానికి బదులుగా వాడదగిన పదార్థం కోసం అన్వేషణ సాగుతోంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
సూచన: మీ జవాబును నోటు పుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన జవాబుతో సరిచూసుకోండి.
1. ఓజోన్ పగుళ్లు సాగే దిశకు అడ్డంగా ఎందుకు ఏర్పడతాయి?
2. పైకి పగుళ్లు లేని పాత టైరు కూడా ఎందుకు ప్రమాదకరం కావచ్చు?

14.4 ఇంట్లో చేయదగిన ప్రయోగం

ఒకే పొట్లంలోని మామూలు రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకోండి. ఒకదాన్ని చిన్న చెక్క ముక్కకు బాగా సాగదీసి తగిలించండి. రెండోదాన్ని సాగదీయకుండా పక్కనే ఉంచండి. రెండింటినీ గాలి తగిలే కిటికీ దగ్గర కొన్ని వారాలు వదిలేయండి. వారానికొకసారి భూతద్దంతో చూసి తేదీతో సహా రాసుకోండి.

సాగి ఉన్న బ్యాండుపై, ముఖ్యంగా చెక్క అంచుల దగ్గర, అడ్డంగా సన్నని చీలికలు కనిపిస్తాయి. కొంతకాలానికి అది తెగిపోతుంది. సాగని బ్యాండు జిగటగానో గట్టిగానో మారవచ్చు గాని దానిపై అలాంటి వరుస చీలికలు ఉండవు. గాలి నింపిన టైరు మొదటి బ్యాండు లాంటిది. బండి కదలకపోయినా అది సాగే ఉంటుంది. వాడకుండా షెడ్డులో ఉంచిన కారు టైర్లు కూడా పగలడంలో వింత లేదని ఈ ప్రయోగం తెలియజేస్తుంది.

14.5 టైరు వయసు తెలుసుకోవడం

టైరు పక్క గోడపై చిన్న దీర్ఘవృత్తాకార చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి.

ఉదాహరణ: 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో, అంటే జూన్ మొదటి భాగంలో తయారైందని అర్థం.

ఈ సంఖ్య టైరుకు ఒక పక్కనే ఉండవచ్చు. బయట కనిపించకపోతే లోపలి వైపు టార్చిలైటుతో చూడండి. మూడు అంకెలే ఉంటే ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుది. దానిపై ఇక ఆలోచన అవసరం లేదు, తీసేయవలసిందే.

స్టెప్నీని మరచిపోకండి. చాలామంది నాలుగు టైర్లు మార్చినా, కారుతో వచ్చిన స్టెప్నీని అలాగే ఉంచేస్తారు. దాని గ్రిప్పు కొత్తగా కనిపిస్తుంది. వయసు మాత్రం కారు వయసంత. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ సంఖ్యను చూసి తీసుకోవాలి. దుకాణంలో గడిపిన కాలమూ టైరు ఆయుష్షులోదే.

ఎన్నేళ్లు వాడవచ్చు? దీనికి అందరూ ఒప్పుకొన్న ఒకే సంఖ్య లేదు. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. పెద్ద టైర్ల కంపెనీలు కొన్ని, అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడితో పరీక్ష చేయించాలనీ, చూడటానికి బాగున్నా తయారైన పదేళ్లకు తప్పక తీసేయాలనీ సూచిస్తాయి. మన ఎండలను దృష్టిలో పెట్టుకొంటే ఆరేళ్లు దాటిన టైరును అనుమానంతో చూడటం, పదేళ్లను దాటరాని గీతగా భావించడం వివేకం.

14.6 పగుళ్లను పరిశీలించే పద్ధతి

పరిశీలనకు నీళ్లు, గుడ్డ, టార్చిలైటు, గాలి కొలిచే గేజీ చాలు. బండి చల్లగా ఉన్నప్పుడు, పగటి వెలుతురులో చూడాలి.

1. టైరును నీళ్లతో కడిగి తుడవండి. మట్టి పగుళ్లను దాచేస్తుంది.
2. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు టైర్ల లోపలి వైపు కనిపిస్తుంది. వెనక టైర్ల లోపలి వైపు పంక్చర్ షాపులో చక్రం విప్పించి చూడటం మేలు. కేవలం జాకీపై నిలిపిన కారు కిందికి దూరకండి.
3. నాలుగు చోట్ల దృష్టి పెట్టండి: ట్రెడ్ గాడుల అడుగు, ట్రెడ్ భుజం, పక్క గోడ మధ్యభాగం, రిమ్మును ఆనుకొన్న అంచు.
4. పగులుపై వేలిగోరు నడపండి. గోరు జారిపోతే పగులు పైపొరలో ఉంది. గోరు తట్టుకొంటే లోతు పెరిగింది. లోపల దారం గాని తీగ గాని కనిపిస్తే టైరు పని అయిపోయినట్లే.
5. అరచేతితో పక్క గోడను, ట్రెడ్‌ను తడమండి. ఉబ్బు ఉంటే లోపల దారాలు తెగాయని గాని, పొరలు విడిపోయాయని గాని భావించాలి.
6. గాలి కొట్టించే వాల్వు మెడను కొద్దిగా వంచి చూడండి. అదీ రబ్బరే, అదీ పగులుతుంది.
7. ట్రెడ్ గాడుల్లో ఉండే అరుగుదల గుర్తులను చూడండి. గాడి అడుగున అడ్డంగా ఉన్న చిన్న దిమ్మెలు ట్రెడ్‌తో సమానమైతే టైరు అరిగిపోయినట్లు. మన కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం ట్రెడ్ లోతు ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లు, కార్ల వంటి ఇతర వాహనాలకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు.

ఇక్కడ ఒక మాట. సొంత కారు, ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తరవాత పునరుద్ధరణ సమయంలోనే వాహనాన్ని అధికారికంగా పరిశీలిస్తారు. అంటే ఈ 15 ఏళ్లలో టైర్లను క్రమం తప్పకుండా చూసే బాధ్యత పూర్తిగా యజమానిదే. నెలకొక పావుగంట కేటాయిస్తే ఈ పని మీరే చేసుకోవచ్చు.

14.7 నిర్ణయం తీసుకోవడం

పరిశీలనలో తెలిసిన విషయాలను మూడు తరగతులుగా విభజించుకోండి.

మొదటి తరగతి – గమనిస్తూ వాడదగినవి: వయసు ఆరేళ్లలోపు, పక్క గోడపై వెంట్రుక వంటి గీతలు మాత్రమే, గోరు తట్టుకోదు, ఉబ్బు లేదు, గాలి నిలుస్తోంది. నెలకొకసారి చూస్తూ వాడవచ్చు.

రెండో తరగతి – త్వరలో మార్చవలసినవి: గోరుకు తగిలే పగుళ్లు, లేదా గాడుల అడుగున వరుసగా పగుళ్లు, లేదా వయసు ఆరు నుంచి పదేళ్లు. టైరు దుకాణంలో విప్పించి లోపలి వైపు కూడా చూపించాలి. మార్చేదాకా దూరప్రయాణాలు, వేగం, అధిక బరువు మానాలి.

మూడో తరగతి – వెంటనే తీసేయవలసినవి: దారం లేదా తీగ కనిపించడం, ఉబ్బు, రిమ్ము అంచు దగ్గర చుట్టూ పగులు, పగులు నుంచి గాలి పోవడం, పదేళ్లు దాటిన వయసు. నున్నని రోడ్డుపై బండి కొత్తగా అదరడం మొదలైతే పొరలు విడిపోతున్నాయేమో వెంటనే చూపించాలి.

ఇప్పుడు రెండు సందర్భాలను పరిశీలిద్దాం.

సందర్భం 1: 2025 జనవరిలో ఒక ఉపాధ్యాయుడి కారును చూశామనుకొందాం. అది ఏడాదికి 3,000 కిలోమీటర్లే తిరుగుతుంది. టైర్లపై 2716 అని ఉంది. ట్రెడ్ లోతు 5 మిల్లీమీటర్లు. గాడుల అడుగున గోరుకు తగిలే పగుళ్లు ఉన్నాయి. చట్టం కోరిన లోతుకు మూడు రెట్లు గ్రిప్పు ఉన్నా, వయసు ఎనిమిదిన్నరేళ్లు. ఇది రెండో తరగతి. వేసవి ప్రయాణాలకు ముందే మార్చడం మంచిది. తక్కువ తిరగడం ఇక్కడ టైరును అరుగుదల నుంచి కాపాడింది గాని కాలం నుంచి కాపాడలేదు.

సందర్భం 2: కళాశాలకు వెళ్లే విద్యార్థిని స్కూటర్ టైరు నాలుగేళ్లది. పక్క గోడపై సన్నని గీతలున్నాయి. గోరు తట్టుకోవడం లేదు. ఇది మొదటి తరగతి. కంగారుపడి మార్చనవసరం లేదు. అయితే ద్విచక్ర వాహనంలో ముందు టైరు పగిలితే బండిని నిలబెట్టడం చాలా కష్టం. కాబట్టి అనుమానం కలిగిన రోజు ఆలస్యం చేయకూడదు.

డబ్బు ఒకేసారి సమకూరకపోతే ఏం చేయాలి? మూడో తరగతి టైర్లను వాయిదా వేయకండి. ఒకే ఇరుసుపై ఉన్న రెండింటినీ కలిపి మార్చండి. కారులో రెండే కొత్తవి వేయించుకొంటే వాటిని వెనక ఇరుసుకు వేయించాలని టైర్ల కంపెనీలు సూచిస్తాయి. తడిరోడ్డుపై వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది. ముందు చక్రాలు జారితే అదుపు చేయడం కొంత తేలిక. అయితే ముందుకు జరిపే పాత టైర్లు మొదటి తరగతిలో ఉండాలి. చవకగా దొరికే పాత టైర్లను కొనడం పొదుపు కాదు. వాటి తేదీ, గతంలో మోసిన బరువు, పడిన దెబ్బలు మీకు తెలియవు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
3. టైరుపై 0917 అని ఉంది. అది ఎప్పుడు తయారైంది? 2025 మార్చి నాటికి దాని వయసు ఎంత?
4. ట్రెడ్ లోతు 6 మిల్లీమీటర్లున్న 11 ఏళ్ల స్టెప్నీని ఏ తరగతిలో చేరుస్తారు? ఎందుకు?

14.8 పనికిరాని మరమ్మతులు

తెగిన పాలిమర్ గొలుసును మళ్లీ అతికించే పూత ఏదీ లేదు. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకొంటే కింది పొరపాట్లన్నీ తప్పుతాయి.

టైరు పాలిష్: నిగనిగలాడే నలుపు పగుళ్లను కళ్లకు కనబడకుండా చేస్తుంది, మాన్పదు. పాత వాహనం కొనేటప్పుడు టైర్లు మరీ మెరుస్తూ ఉంటే కడిగించి చూడండి.

కిరోసిన్, డీజిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్: ఇవి రబ్బరులోకి చొచ్చుకొనిపోయి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తాయి. రక్షణగా ఉన్న మైనాన్నీ కరిగిస్తాయి. తాత్కాలికంగా నల్లబడిన టైరు నిజానికి మరింత బలహీనపడుతుంది.

జిగురుతో పూడ్చడం: పక్క గోడ నిరంతరం వంగుతుంది. పూడ్చిన జిగురు ఊడిపోతుంది, లేదా పగులు దాని పక్కనుంచి సాగుతుంది. పంక్చర్ మరమ్మతు ట్రెడ్ భాగానికే పరిమితం. పక్క గోడను మరమ్మతు చేయకూడదు.

ట్యూబు వేయడం, పాత టైరు ముక్కను లోపల పెట్టడం: ట్యూబు గాలిని ఆపుతుంది గాని బలమివ్వదు. ఒత్తిడిని మోయవలసిన దారాలు పోయాక లోపల ఏది పెట్టినా టైరు పేలే ప్రమాదం అలాగే ఉంటుంది.

రీట్రెడింగ్: లారీ, బస్సు టైర్లకు ఇది మంచి పద్ధతే. అయితే కింది భాగం గట్టిగా ఉన్నప్పుడే. పక్క గోడ పగిలిన టైరుకు కొత్త ట్రెడ్ అతికించడం బీటలువారిన గోడకు కొత్త కప్పు వేయడం వంటిది.

14.9 నివారణ చర్యలు

పగిలినదాన్ని బాగుచేయలేకపోయినా, పగలడాన్ని ఆలస్యం చేయవచ్చు.

• నెలకొకసారి, బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. టైరు దానంతటదే నెలకు సుమారు ఒక పాయింటు గాలి కోల్పోతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు అంచున అతికించిన కాగితంపై ఉంటుంది. స్టెప్నీకి కూడా చూపించండి.
• నీడలో నిలపండి. చెట్టు నీడైనా, తాటాకు పందిరైనా మేలే.
• ఎక్కువ కాలం వాడని బండిని వారానికొకసారి కొద్ది దూరం నడపండి. టైరు ఒకేచోట నొక్కుకుపోకుండా ఉంటుంది.
• విడి టైర్లను వ్యవసాయ మోటారు షెడ్డులో, జనరేటరు దగ్గర, వెల్డింగు చేసే చోట దాచకండి. కారణం మీరు 14.3.1లో చదివారు.
• కడగడానికి నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. పెట్రోలియం ఆధారిత పూతలు వద్దు.
• కొందరు నైట్రోజన్ నింపిస్తారు. లోపలి ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి సూత్రరీత్యా అది లోపలి ఆక్సీకరణాన్ని తగ్గిస్తుంది. అయితే బయటి ఓజోన్ పగుళ్లను అది ఆపదు. సరైన ఒత్తిడిలో ఉన్న మామూలు గాలి, తక్కువ ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్ కంటే మంచిది.

14.10 తీసేసిన టైర్లు

పాత టైర్లను పెరట్లో పడేస్తే వాటిలో వాన నీరు నిలిచి, డెంగీని వ్యాపింపజేసే దోమలు పెరుగుతాయి. భోగి మంటల్లో వేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. టైరు కాలితే దానిలోని గంధకం, నూనెలు, కార్బన్ విషవాయువులుగా, మసిగా మారి పిల్లలు, వృద్ధులు పీల్చే గాలిలో కలుస్తాయి. భోగికి పిడకలు, కట్టెలు చాలు. కొత్త టైర్లు కొన్న దుకాణంలోనే పాతవి అప్పగించడం సులభమైన మార్గం. వ్యర్థ టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారులపై ఉంచుతూ కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధనలు తెచ్చింది. మూడో తరగతి టైరును ఎవరికీ వాడకానికి అమ్మకండి. మన బండికి పనికిరానిది మరొకరి బండికీ ప్రమాదమే.

14.11 సారాంశం

టైరు అరుగుదల దూరంపైన, వృద్ధాప్యం కాలంపైన ఆధారపడతాయి. రబ్బరు గొలుసులోని ద్విబంధాలను ఓజోన్ తెంచడంవల్ల సాగి ఉన్న చోట పగుళ్లు వస్తాయి. ఆక్సిజన్, వేడి రబ్బరును లోపలినుంచి గట్టిపరచి బలహీనం చేస్తాయి. మైనం, ఓజోన్ నిరోధకాలు కొంతకాలం కాపాడి తరిగిపోతాయి. ఈ మార్పు వెనక్కు మళ్లేది కాదు. కాబట్టి పూతలు, జిగుర్లు పరిష్కారం కావు. నాలుగు అంకెల సంఖ్య ద్వారా వయసును, కంటితో, గోటితో పగులు లోతును తెలుసుకొని నిర్ణయం తీసుకోవాలి. గ్రిప్పు ఉన్నంత మాత్రాన టైరు క్షేమం కాదు.

14.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా జవాబులు

1. ఓజోన్ తెంచిన గొలుసుల చివరలను సాగదీసే బలం దూరంగా లాగుతుంది. దానివల్ల చీలిక ఆ బలానికి అడ్డంగా తెరుచుకొంటుంది.
2. నింపిన గాలిలోని ఆక్సిజన్ లోపలి పొర గుండా వెళ్లి ఉక్కు పట్టీల మధ్య రబ్బరును బలహీనపరుస్తుంది. ఇది బయటికి కనిపించదు.
3. 2017లో 9వ వారంలో, అంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో. వయసు సుమారు ఎనిమిదేళ్లు.
4. మూడో తరగతి. ట్రెడ్ అరగకపోయినా వయసు పదేళ్లు దాటింది.

14.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. టైరు రబ్బరు వృద్ధాప్యానికి దారితీసే రసాయనిక చర్యలను వివరించండి.
2. పాత వాహనం టైర్లను పరిశీలించి నిర్ణయం తీసుకొనే పద్ధతిని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఓజోన్ నిరోధకాల పనితీరు, వాటివల్ల కలిగే పర్యావరణ సమస్య.
2. పక్క గోడ పగుళ్లను జిగురుతోగాని పాలిష్‌తోగాని ఎందుకు సరిచేయలేం?
3. మీ ఇంట్లోగాని ఇరుగుపొరుగునగాని ఉన్న ఒక వాహనం టైర్ల తయారీ తేదీ, ట్రెడ్ స్థితి, పగుళ్ల స్థితి పరిశీలించి నివేదిక రాయండి. స్టెప్నీని కూడా చేర్చండి.

14.14 పదకోశం

అడ్డుబంధం: రెండు పాలిమర్ గొలుసులను కలిపే బంధం.
ఓజోన్: మూడు ఆక్సిజన్ పరమాణువులు గల అణువులతో కూడిన వాయువు.
ట్రెడ్: టైరులో రోడ్డును తాకే భాగం.
ద్విబంధం: రెండు పరమాణువుల మధ్య రెండు జతల ఎలక్ట్రాన్లతో ఏర్పడే బంధం.
వల్కనీకరణం: గంధకంతో వేడిచేసి రబ్బరుకు బలం, స్థితిస్థాపకత కలిగించే పద్ధతి.
స్టెప్నీ: అత్యవసరానికి వాహనంలో ఉంచే అదనపు చక్రం.